మోటుపల్లి రేవు - గణపతిదేవ చక్రవర్తి

ఓరుగల్లు సీమకు సముద్రము లేదు. నర్సింహులపేట వంటి గ్రామములలో నిలిచి ఎటు చూచినను చెరువులు, చేలు, గుట్టలే గాని అలలు కానరావు. అట్టి సీమ నేలిన ప్రభువు దూరదేశపు ఓడవర్తకులకు అభయమిచ్చుట మన చరిత్రలో ఒక విశేషము. ఆయనయే కాకతీయ గణపతిదేవుడు.

ఆయన యౌవనము కష్టములతో మొదలయ్యెను. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరి మరణించెను; కుమారుడు శత్రువులకు బందీ అయ్యెను. సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యము చెదరకుండ నిలిపెను. 1199 ప్రాంతమున యాదవరాజు జైతుగి విడిచిపెట్టగా గణపతిదేవుడు సింహాసన మెక్కెను. పిమ్మట తీరాంధ్రమును జయించి, దివిసీమకు చెందిన నారమ్మ, పేరమ్మలను పెండ్లాడెను. వారి సోదరుడు జాయప ఆయన కొలువున సేనాని అయ్యెను. మోటుపల్లి రేవు కాకతీయుల వశమయ్యెను.

కాని రేవు చేజిక్కినంతనే ఓడలు రావు. పరదేశమున వ్యాపారము చేయదలచిన వర్తకుడు ముందుగా రెండు సంగతులు విచారించును. తన సరకు తనకు దక్కునా? సుంక మెంత? పూర్వపు రాజులు తుఫానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమిని గైకొనుచుండిరి. గాలి తప్పిన ఒక్క రాత్రిలో వర్తకుని సర్వస్వము రాజభాండారము చేరెడిది. అట్టి తీరమునకు తెలిసి వచ్చువా రెవరు?

1244 నాటి మోటుపల్లి శాసనముతో గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పెను. మనుజులకు ధనము ప్రాణము కంటెను ప్రియమైనదని తలచి, నిర్ణీత సుంకము తప్ప తక్కిన దంతయు వర్తకులకే విడిచెను. ఎగుమతి దిగుమతులపై సుంకము 30లో ఒక వంతు. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, పట్టునూలు, మిరియములు మున్నగువానికి రేట్లు శిలపై చెక్కించెను. ఇక అధికారి ఇచ్చవచ్చినట్లు అడుగుటకు వీలులేదు. ఓడ కదలకముందే వర్తకుడు తన లాభనష్టములు లెక్కించుకొనవచ్చును.

చేతికందిన దోపిడిసొమ్మును వదలుకొని, రాబోవు చిన్నవంతును నమ్ముకొనుట సామాన్యమైన సాహసము కాదు. 1262 ప్రాంతమున రాజ్యభారము కుమార్తె రుద్రమదేవికి సంక్రమించెను. ఆ శతాబ్దాంతమున మార్కోపోలో ఈ సీమ వజ్రములను, సన్నని వస్త్రములను తన గ్రంథమున ప్రశంసించెను. కాకతీయ రాజ్య మంతరించిన తరువాత, 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డియు అదే మోటుపల్లిలో వర్తకులకు అభయశాసనము వేయించెను. రాజ్యములు మారినను, నమ్మకము లేని రేవునకు ఓడ రాదను సత్యము మారలేదు.