ఎడమ కాలి వాపు గుట్టు పసిగట్టిన డాక్టర్ రుడాల్ఫ్ విర్కో

రుడాల్ఫ్ విర్కో 1821 అక్టోబర్ 13న ప్రష్యాలోని షీవెల్‌బైన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. కలిగిన కుటుంబం కాదు. సైనిక వైద్యుల్ని తయారుచేసే బెర్లిన్ విద్యాసంస్థలో ఫీజు లేకుండా చదువుకుని 1843లో డాక్టర్ అయ్యారు. తర్వాత షారిటే ఆస్పత్రిలో శవపరీక్షలు చేసే పని దొరికింది.

ఆ పనే ఆయనకు పేరు తెచ్చింది. ఊపిరితిత్తుల నాళాల్లో కనిపించే రక్తం గడ్డలు చాలావరకు కాళ్ల సిరల్లో పుట్టి, అక్కడి నుంచి ఊడి, గుండె మీదుగా వచ్చి ఇరుక్కుంటాయని చూపించారు. థ్రాంబోసిస్, ఎంబాలిజం అనే పేర్లు ఆయన పెట్టినవే.

1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరం జనాన్ని పొట్టన పెట్టుకుంటుంటే ప్రభుత్వం ఆయన్ని పంపింది. మందుల లిస్టు ఇస్తారనుకుంటే, జబ్బుకు అసలు మూలం ఆకలి, చదువు లేకపోవడం, పాలకుల నిర్లక్ష్యమేనని రాసిచ్చారు. బెర్లిన్ తిరిగొచ్చి తిరుగుబాటులో కూడా పాల్గొన్నారు. దాంతో షారిటేలో ఉద్యోగం పోయింది. 1849లో వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీకి వెళ్లారు.

1851 నాటికి ఆయన మరో సంగతి గమనించారు. గడ్డలు కుడి కాలి కంటే ఎడమ కాలి వైపు సిరల్లోనే ఎక్కువ. కారణం పొత్తికడుపులో ఉంది. కుడి కాలికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని, ఎడమ కాలి నుంచి రక్తం తెచ్చే సిర మీదుగా దాటి వెళ్తుంది. సిర వెనకాల వెన్నెముక. ఈ రెండింటి మధ్య సిర నలుగుతుంది. దాదాపు నూరేళ్ల తర్వాత, 1957లో, ఆస్ట్రియాకు చెందిన మే, థర్నర్ 430 శవాలను పరీక్షిస్తే 22 శాతం మందిలో ఈ నొక్కుడు వల్ల సిర లోపలి గోడ మందమై కనిపించింది. ఇప్పుడు దీన్ని మే-థర్నర్ సిండ్రోమ్ అంటున్నారు.

చాలామందికి ఇది ఉన్నట్టే తెలీదు. కొందరికి ఎడమ కాలు బరువెక్కి వాస్తుంది, నడిస్తే తొడ, తుంటి దాకా లాగుతుంది, కాలు ఎత్తి పడుకుంటే తగ్గుతుంది. ఆడవాళ్లలో ఎక్కువ. నడుము నొప్పో, నరాల నొప్పో అనుకుని ఏళ్లు గడిపేసేవాళ్లూ ఉంటారు. స్కానింగ్‌లో తేలితే రక్తం పల్చబడే మందులు, అవసరమైతే సిరలో స్టెంట్ వేస్తారు. ఒక కాలు ఉన్నట్టుండి వాచినా, దానితో ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

విర్కో 1856లో బెర్లిన్ తిరిగొచ్చారు. జబ్బు కణాల్లో మొదలవుతుందని చెప్పే గ్రంథం 1858లో వెలువరించారు. నగర సభలో, పార్లమెంటులో కూర్చుని బిస్మార్క్‌ను ఎదిరించారు, బెర్లిన్‌కు డ్రైనేజీ, మంచినీళ్ల కోసం కొట్లాడారు. పొరపాట్లూ చేశారు. సూక్ష్మక్రిములే జబ్బులు తెస్తాయన్న మాటను చాలాకాలం పూర్తిగా నమ్మలేదు.

1902 జనవరిలో, ఎనభై ఏళ్ల వయసులో, కదులుతున్న ట్రామ్ దిగబోయి పడ్డారు. తుంటి దగ్గర ఎముక విరిగింది. మళ్లీ కోలుకోలేదు. అదే ఏడాది సెప్టెంబర్ 5న కన్నుమూశారు. ఎడమ కాలు వాచిన మనిషిని పొత్తికడుపు దాకా పరీక్షించాలనే ఆలోచన మాత్రం ఆయనతో పోలేదు.