39 అంకెల లెక్కల మాస్టారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. మన బడి ముచ్చట్లు నాకంటే బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని మన బడిలో ఎన్నడూ పనిచేయని ఒక లెక్కల మాస్టారి గురించి రాస్తున్నాను. ఆయన ఫ్రాన్స్ దేశస్థుడు, ఎడ్వర్డ్ లూకాస్.

1842లో పుట్టారు. కొంతకాలం పారిస్ ఖగోళ పరిశోధనశాలలో పనిచేశారు. 1870 యుద్ధంలో ఫిరంగిదళం అధికారిగా వెళ్లొచ్చారు. ఆ తర్వాత ఉద్యోగమంతా ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పడమే. యూనివర్సిటీ ప్రొఫెసర్ కాదు. ఉపాధ్యాయ మిత్రులు ఈ మాట గమనించాలని నా కోరిక.

127 రెండ్లను వరసగా గుణించి, ఒకటి తీసేస్తే 170141183460469231731687303715884105727 వస్తుంది. 39 అంకెలు. ఇది ప్రధాన సంఖ్య అని 1876లో తేల్చింది ఈయనే. ఒక్కొక్క సంఖ్యతో భాగించి చూద్దామంటే కోట్ల ఏళ్లు చాలవు. ఆయన వేరే దారి పట్టారు. ఆ పద్ధతిని 1930లో లేమర్ అనే ఆయన చక్కదిద్దాడు. ఆ రూపంలో చెబుతాను, 31 (అంటే అయిదు రెండ్ల లబ్ధంలో ఒకటి తక్కువ) మీద చేసి చూడండి. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేస్తే 14. మళ్లీ చేస్తే 194. 31తో భాగిస్తే శేషం 8. ఇంకోసారి చేస్తే 62, శేషం సున్నా. సున్నా వచ్చింది కనుక 31 ప్రధాన సంఖ్య. అంతే! కాకపోతే 39 అంకెల సంఖ్యకు ఇలా 125 సార్లు చేయాలి, ప్రతిసారీ పెద్ద పెద్ద వర్గాలతో. కాలిక్యులేటర్ లేని రోజులవి.

నాకు దీనికన్నా వింతగా తోచేది ఇంకొకటుంది. 67 రెండ్ల లబ్ధంలో ఒకటి తీసేస్తే వచ్చేది ప్రధాన సంఖ్యేనని 1644లో మెర్సెన్ రాశాడు. కాదని లూకాస్ చూపించారు, ఒక్క కారణాంకమైనా కనుక్కోకుండానే! ఆ కారణాంకాలు 193707721, 761838257287 అని 1903లో కోల్ బయటపెట్టాడు.

మా ఇంజినీరింగ్ రోజుల్లో 'హనోయి టవర్' ప్రోగ్రాం రాయకుండా కంప్యూటర్ ల్యాబ్ దాటినవాళ్లు లేరు. మూడు కడ్డీలు, చిన్నా పెద్దా బిళ్లలు ఉండే ఆ ఆట కూడా ఈయనదే. 1883లో తన పేరులోని అక్షరాలను అటూ ఇటూ మార్చి, సయాం దేశపు పండితుడెవరో కనిపెట్టినట్టుగా అమ్మించారు. ఇంత సరదా మనిషి క్లాసులో పిల్లలకు నిద్ర పట్టనిచ్చి ఉంటారని నేననుకోను.

1891లో మార్సే నగరంలో శాస్త్రవేత్తల సభ జరిగింది. అక్కడి విందులో వడ్డించే మనిషి చేతిలోంచి పళ్లేలు జారిపడి, ఓ పెంకు ఎగిరి లూకాస్ చెంప కోసుకుపోయింది. గాయానికి చీము పట్టింది. యాంటీబయోటిక్ మందులు లేని కాలం. కొద్దిరోజులకే పోయారు. వయసు 49, ఇది రాస్తున్న నాకంటే చిన్న.

ఆయన తేల్చిన సంఖ్యను దాటిన ప్రధాన సంఖ్య 1951 దాకా ఎవరికీ దొరకలేదు. అప్పటికి యంత్రాలు వచ్చేశాయి. చేత్తో చేసిన లెక్కల్లో ఈనాటికీ అదే పెద్దది. సంఖ్యాశాస్త్రం మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం మొదటి సంపుటం పోయిన ఏడాదే అచ్చయింది. రెండోది రానేలేదు.