షెకెము ద్రాక్షకోత పండుగ – అబీమెలెకు జీవితము

ధ్యానభాగము: న్యాయాధిపతులు 9వ అధ్యాయము



పంట చేతికి వచ్చిన దినమున సంతోషించుట పాపము కాదు. అయితే ఆ సంతోషము ఎవరి పేరట జరుగునో, ఎవరి యింట ముగియునో ఆలోచింపవలెను. అబీమెలెకు జీవితము మనకు ఈ సంగతి నేర్పుచున్నది.

ఇతడు గిద్యోను కుమారుడు. మిద్యానీయులను జయించిన గిద్యోనును ప్రజలు రాజుగా నుండుమని కోరిరి. యెహోవాయే వారి నేలునని అతడు ఒప్పుకొనలేదు. అతనికి 70 మంది కుమారులుండిరి. షెకెములోని ఉపపత్నికి పుట్టినవాడు అబీమెలెకు. తండ్రి చనిపోయిన తరువాత ఇతడు మేనమామలయొద్దకు పోయి, రక్తసంబంధమును చూపి రాజ్యమడిగెను. షెకెమువారు తమ దేవత బయల్బెరీతు గుడిలోనుండి 70 తులముల వెండి తీసి ఇచ్చిరి. దానితో అతడు అల్లరిమూకను కూలికి కుదుర్చుకొని, తన సహోదరులను ఒకే రాతిమీద చంపెను. తలకొక తులము! కడగొట్టువాడైన యోతాము మాత్రము దాగి బ్రదికెను.

బెరీతు అనగా నిబంధన. యెహోషువ ప్రజలచేత దేవునితో నిబంధన చేయించి, సింధూరవృక్షము క్రింద సాక్షిగా రాయి నిలిపినది ఈ షెకెములోనే. అచ్చటనే వారిప్పుడు నరహంతకునికి పట్టము కట్టిరి. ముండ్లపొదను రాజుగా కోరుకొన్న చెట్ల కథ చెప్పి యోతాము హెచ్చరించినను వినలేదు.

3 సంవత్సరములు గడచెను. ద్రాక్షకోత వచ్చెను. ఊరివారందరు పొలములకు పోయి, పండ్లు కోసి, తొట్లలో త్రొక్కి, పండుగ చేసి, తమ దేవత గుడిలో తిని త్రాగిరి. ఆ పండుగకు వాడబడిన హెబ్రీ మాట హిల్లూలీము. లేవీయకాండము 19వ అధ్యాయములో, నాలుగవ యేటి ఫలములు దేవుని స్తుతికై ప్రతిష్ఠితములని చెప్పుచోట ఉన్నదియు ఇదే మాట. కోత ఒకటే, మాట ఒకటే. స్తుతి మాత్రము వేరొకరికి పోయెను. స్తుతింపవలసిన నోళ్లు త్రాగి రాజును దూషించెను. క్రొత్తగా వచ్చిన గాలు అను నతడు అబీమెలెకును తొలగింతునని డంబములు పలికెను.

పట్టణాధికారి జెబులు రహస్యముగా వర్తమానము పంపగా, అబీమెలెకు రాత్రి 4 గుంపులతో వచ్చి పొంచియుండెను. ఉదయమున గాలు ఓడి పారిపోయెను. మరునాడు ప్రజలు పొలములోనికి రాగా అబీమెలెకు వారిని హతముచేసి, పట్టణమును పడగొట్టి ఉప్పు జల్లించెను. గోపురపువారు సుమారు 1000 మంది, స్త్రీలును పురుషులును, బెరీతు గుడి కోటలో దాగిరి. అతడు కొమ్మలు నరికించి, కోట చుట్టు పేర్చి అగ్ని పెట్టెను. పిమ్మట తేబేసు గోపురముమీదినుండి ఒక స్త్రీ పడవేసిన తిరుగటి పైరాయి తలకు తగిలి, అతడును ఆయుధములు మోయువాని కత్తిచేత చచ్చెను.

నాబ్లుసు దగ్గర బలాతా దిబ్బయే పూర్వపు షెకెము. 1913లో మొదలైన త్రవ్వకములలో మిక్కిలి మందమైన గోడలుగల గుడి పునాది అచ్చట బయటపడెను. ఆ గుడి ఇదేయని అనేక పండితుల తలంపు. గోడల మందము వారిని కాపాడలేదు.

చూడుడి, హత్యకు వెండి వచ్చినది ఆ గుడినుండియే, త్రాగి దూషించినది అచ్చటనే, కాలిపోయినది అచ్చటనే.

మన ఊళ్లలోను ధాన్యము అమ్మిన రాత్రియే త్రాగుడు ప్రారంభమగును; పాత గట్టు తగాదాలు, అన్నదమ్ముల పాలు తగాదాలు అప్పుడే నోటికి వచ్చును. కళ్లములో ఒక్క మాట జారిన, కుప్ప కాలును, కుటుంబము చీలును. కావున మొదటి పన తెచ్చి దేవుని సన్నిధిని పెట్టుడి. కూలివానికి కూలి ఆ దినముననే ఇయ్యుడి. మాటలాడని సహోదరునితో సమాధానపడి, అతనిని మీ పంక్తికి పిలువుడి. అదియే దేవుడంగీకరించు కోత పండుగ.

ప్రార్థన: ప్రభువా, పంటనిచ్చిన నీవే మా సంతోషమునకును యజమానుడవై యుండుము. ఆమేన్.