పుట్టినతేదీ చూసి ఇంటికి పంపిన కోచ్ – జో లాప్చిక్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నాకు గుర్తుకు వచ్చిన వ్యక్తి మన దేశస్థుడు కాదు. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాడిగా మొదలై, కోచ్‌గా పేరు తెచ్చుకున్న జో లాప్చిక్. ఆయనను కూడా మనలాగే సర్వీసు రిజిస్టరులోని పుట్టినతేదీ చూసి ఇంటికి పంపారు. అందుకే మన పేజీల్లో ఆయనకు చోటు ఉండాలనిపించింది.

లాప్చిక్ 1900 ఏప్రిల్ 12న న్యూయార్కు నగరానికి ఆనుకుని ఉన్న యాంకర్స్ పట్టణంలో పుట్టారు. తల్లిదండ్రులు ఐరోపాలోని చెక్ ప్రాంతం నుండి వలస వచ్చినవారు. ఇంటి పరిస్థితుల వల్ల హైస్కూలు గడప తొక్కకుండానే ఫ్యాక్టరీ పనిలో చేరవలసి వచ్చింది. మనిషి మాత్రం 6 అడుగుల 5 అంగుళాల పొడుగు. ఆ రోజుల్లో అది వింతగా చూడదగ్గ ఎత్తు.

ఆ ఎత్తే ఆయనకు అన్నం పెట్టింది. ఇప్పటిలా కాక, అప్పట్లో బుట్టలో బంతి పడిన ప్రతిసారీ ఆటను మళ్లీ కోర్టు మధ్య నుండి మొదలుపెట్టేవారు. రిఫరీ బంతిని పైకి ఎగరవేస్తే ఇద్దరు ఆటగాళ్లు ఎగిరి దానిని తమ వాళ్లవైపు తట్టాలి. అందులో నెగ్గే మనిషి ఉన్న జట్టు చేతిలోనే బంతి ఎక్కువసేపు ఉంటుంది. (ఈ పద్ధతిని 1937లో తీసేశారు.) అందువల్ల లాప్చిక్ కోసం జట్ల నిర్వాహకులు పోటీపడేవారు. నెల జీతం లేదు, ఆడిన ఆటకు ఇంత అని కూలి. ఆయన ఒకేసారి ఒకటికి మించిన జట్లకు ఆడుతూ, ఒకరి రేటు మరొకరికి చెప్పి తన కూలి పెంచుకునేవారు. బతకనేర్చిన కుర్రాడే!

1923లో న్యూయార్కుకు చెందిన ఒరిజినల్ సెల్టిక్స్ జట్టులో చేరారు. (తర్వాత పుట్టిన బోస్టన్ సెల్టిక్స్ వేరు.) ఆ జట్టు తన ఆటగాళ్లతో సీజన్ మొత్తానికి ఒప్పందం రాసుకునేది. మన భాషలో చెప్పాలంటే రోజుకూలి నుండి పర్మినెంటు అయినట్టు. ఊరూరా తిరుగుతూ ఆడిన ఆ జట్టు 1926లో లీగులో చేరి, వరుసగా 1927, 1928లలో విజేత అయింది. ఒకే జట్టు గెలుస్తుంటే చూసేవారు కరువవుతారని లీగు వారు జట్టునే విడగొట్టారు. లాప్చిక్ క్లీవ్‌లాండ్‌కు వెళ్లారు. అక్కడ కూడా 1929, 1930లలో ఆయన జట్టే గెలిచింది!

ఆ కాలంలో నల్లజాతి ఆటగాళ్లకు లీగులో ప్రవేశం లేదు. హార్లెంకు చెందిన న్యూయార్క్ రెనెసాన్స్ అనే నల్లవారి జట్టు విడిగా సెల్టిక్స్‌తో పోటీలు ఆడేది. ఆట మొదలయ్యే ముందు లాప్చిక్ ప్రత్యర్థి సెంటర్ ఆటగాడు టార్జాన్ కూపర్‌ను అందరి ఎదుటా కౌగిలించుకునేవారు. తెల్లవాడు నల్లవాడి చేయి తాకడమే కొందరికి గిట్టని రోజులవి. ఈ సంగతి దగ్గర నేను కాస్త ఆగుతున్నాను, ఎందుకంటే దీని మూల్యం ఆయన తర్వాత చెల్లించారు.

1936లో సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయం ఆయనను కోచ్‌గా తీసుకుంది. హైస్కూలు చదవని మనిషి విశ్వవిద్యాలయ విద్యార్థులకు గురువయ్యారు. అప్పట్లో న్యూయార్కులో జరిగిన నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంటును 1943, 1944లలో వరుసగా గెలిపించారు. 1947లో న్యూయార్క్ నిక్స్ అనే వృత్తి జట్టుకు కోచ్‌గా వెళ్లారు. ఆ జట్టు 1950లో నల్లజాతి ఆటగాడు నాట్ క్లిఫ్టన్‌ను తీసుకుంది. ఎన్.బి.ఎ. లీగులోకి అడుగుపెట్టిన తొలి ముగ్గురు నల్లవారిలో ఆయన ఒకరు. దాని ఫలితంగా లాప్చిక్ దిష్టిబొమ్మను ఆయన ఇంటి ఎదుటి చెట్టుకు ఉరివేశారు. ఇంటికి ఫోన్లు చేసి తిట్టారు. ఐదేళ్ల కొడుకు రిచర్డ్ కిటికీలో నుండి ఆ బొమ్మను చూశాడు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక క్రీడల్లో జాతివివక్షపై పోరాటాన్నే తన వృత్తిగా చేసుకున్నాడు.

నిక్స్ జట్టు 1951, 1952, 1953లలో వరుసగా ఫైనల్ చేరి మూడుసార్లూ ఓడింది. 1951లో మొదటి మూడు ఆటలు ఓడి, తర్వాత మూడు గెలిచి, చివరిదైన ఏడో ఆటను 79–75తో పోగొట్టుకున్నారు. ఓటమిని ఇంటికి మోసుకుపోయే స్వభావం ఆయనది. నిద్ర పట్టేది కాదు. ఆరోగ్యం దెబ్బతిని 1956లో ఆ ఉద్యోగం వదిలి మళ్లీ సెయింట్ జాన్స్‌కే వచ్చారు.

1951లో డబ్బు తీసుకుని ఆట ఫలితాలు తారుమారు చేసిన కళాశాల ఆటగాళ్లు అరెస్టయ్యారు. వారిలో సెల్టిక్స్‌లో లాప్చిక్ సహచరుడైన నాట్ హోల్మన్ శిష్యులు కూడా ఉన్నారు. లాప్చిక్ ఆ పత్రికా వార్తలను కత్తిరించి ఒక పుస్తకంలో అంటించి, తన ఆటగాళ్ల చేత చదివించేవారు. ఉపన్యాసం కన్నా బేడీలు పడ్డ కుర్రాడి ఫోటో ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం కూడా.

1959లో మళ్లీ టోర్నమెంటు గెలిచారు. ఇక అసలు సంగతి. ఆ విశ్వవిద్యాలయంలో 65 ఏళ్లకు విధిగా పదవీ విరమణ. 1965 ఏప్రిల్‌లో ఆయనకు 65 నిండుతాయి. పొడిగింపు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో విరమణ వయసును 58 నుండి 55కు దించినప్పుడు ఎన్ని ఇళ్లలో లెక్కలు తలకిందులయ్యాయో మన సభ్యులకు నేను చెప్పనక్కర్లేదు. లాప్చిక్‌కు తేదీ ముందే తెలుసు, అదొక్కటే తేడా. పనిచేయలేని స్థితిలో ఉన్నారా అంటే, అదీ లేదు.

ఆ చివరి సీజన్‌లో, జనవరి మొదట్లో, దేశంలో మొదటి స్థానంలో ఉన్న మిషిగన్ జట్టు చేతిలో 16 పాయింట్లు వెనకబడి కూడా ఆయన కుర్రాళ్లు 75–74తో గెలిచారు. మార్చిలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇన్విటేషన్ టోర్నమెంటు. దానికి పూర్వపు ప్రాభవం కొంత తగ్గినమాట నిజమే. కానీ ఆ కుర్రాళ్లకు ఓడిన రోజే తమ గురువుకు ఆఖరి రోజని తెలుసు. ఆట గెలిస్తే ఆయనకు మరో ఆట మిగులుతుంది. అలా ఒక్కొక్కటే గెలుచుకుంటూ ఫైనల్‌కు వచ్చి, విల్లనోవా జట్టును 55–51తో ఓడించారు. సెయింట్ జాన్స్ తరఫున ఆయనకు 334వ విజయం అది. నాలుగోసారి టోర్నమెంటు. కొన్ని వారాలకు పుట్టినరోజు వచ్చింది, కుర్చీ ఖాళీ అయింది.

ఆయన సహాయకుడు లూ కార్నెసెకా ఆ స్థానంలోకి వచ్చారు. మధ్యలో మూడేళ్లు తప్ప 1992 వరకు ఆ పదవిలోనే ఉన్నారు. 1966లో లాప్చిక్‌ను బాస్కెట్‌బాల్ ప్రముఖుల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, కోచ్‌గా కాదు, ఆటగాడిగా. ఖాళీగా కూర్చోలేక మాంటిసెల్లోలోని ఒక విడిది హోటల్లో క్రీడల వ్యవహారాలు చూసేవారు. 1970 ఆగస్టు 10న అక్కడే గుండెపోటుతో మరణించారు. పదవి దిగాక ఆయన బతికింది ఐదేళ్ల నాలుగు నెలలు.