హెలెన్ పక్క సీట్లో టీచర్

హెలెన్ కెల్లర్ కథ మన పిల్లలకు చాలామందికి తెలుసు. ఆమెతో పాటు అదే క్లాసులో ఏళ్ల తరబడి కూర్చున్న ఆనీ సలివాన్ గురించి మాత్రం నీళ్ల పంపు సంఘటన దాటి పెద్దగా చెప్పుకోం.

ఆనీ 1866లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక పేద ఐరిష్ కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే ట్రకోమా వచ్చి చూపు దెబ్బతింది. ఎనిమిదేళ్లకు తల్లి పోయింది. 1876లో తమ్ముడితో పాటు బీదల ఆశ్రమంలో చేర్చారు. కొన్ని నెలలకే ఆ తమ్ముడు అక్కడే చనిపోయాడు. 14 ఏళ్లకు గానీ ఆనీ బడి ముఖం చూడలేదు. పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చదివి, ఆపరేషన్లతో కొంత చూపు తెచ్చుకుని, 1887లో ఆరేళ్ల హెలెన్‌కు టీచర్‌గా అలబామా వెళ్లారు.

1896లో హెలెన్ కేంబ్రిడ్జ్‌లో మామూలు అమ్మాయిల స్కూల్లో చేరింది. టీచర్ పాఠం చెబుతుంటే, పక్కన కూర్చున్న ఆనీ ఆ మాటల్ని వేళ్ల గుర్తులతో హెలెన్ అరచేతిలో అక్షరం అక్షరం చెప్పేవారు. అక్కడి టీచర్లలో ఆ వేళ్ల భాష నేర్చుకున్నది ఇద్దరే: ప్రిన్సిపాల్ గిల్మన్, జర్మన్ టీచర్ గ్రోటే. గ్రోటేకు వేళ్లు అంత వేగంగా తిరిగేవి కావు. అయినా ఆనీకి కాస్త విశ్రాంతి దొరకాలని వారానికి రెండుసార్లు హెలెన్‌కు తానే విడిగా పాఠం చెప్పేది. కో-టీచింగ్ అని మనం ఇప్పుడు అంటున్నది, నా దృష్టిలో, అక్కడ మొదలైంది. స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారు కదా, ఆ బాబు సంగతి వాళ్లే చూసుకుంటారని క్లాస్ టీచర్ అనుకుంటే ఒకే గదిలో రెండు క్లాసులు నడుస్తాయి.

ఆ స్కూల్లోనూ చిక్కులొచ్చాయి. హెలెన్‌కు చదువు భారం ఎక్కువైందని గిల్మన్, కాలేదని ఆనీ. చివరికి తల్లి హెలెన్‌ను స్కూలు మాన్పించి ట్యూటర్‌తో చదివించింది. 1899 కాలేజీ ప్రవేశ పరీక్షలో ప్రశ్నలు చదివి చెప్పడానికి ఆనీని అనుమతించలేదు. బ్రెయిలీలో ఇచ్చిన ఆల్జీబ్రా గుర్తులు హెలెన్‌కు అలవాటైనవి కావు. అయినా పాసైంది.

1900లో ఇద్దరూ రాడ్‌క్లిఫ్ కాలేజీకి వెళ్లారు. ఉపన్యాసం వినడానికే చేతులు కావాలి కాబట్టి హెలెన్ క్లాసులో నోట్స్ రాసుకోలేదు. ఇంటికెళ్లి గుర్తున్నంత రాసుకునేది. బ్రెయిలీలో లేని పుస్తకాలన్నీ, అసలే బలహీనమైన కళ్లతో, ఆనీయే గంటల తరబడి చదివి ఆమె చేతిలో చెప్పారు. 1904లో హెలెన్‌కు డిగ్రీ వచ్చింది. నాలుగేళ్లు అవే పాఠాలు విన్న ఆనీకి ఏమీ రాలేదు. చాలా ఏళ్లకు టెంపుల్ యూనివర్సిటీ ఇద్దరికీ గౌరవ డిగ్రీలు ఇస్తానంటే ఆనీ మొదట వద్దన్నారు. మరుసటి ఏడాది, 1932లో, తీసుకున్నారు. 1936లో చనిపోయేనాటికి ఆమెకు చూపు లేదు.