తీగల మిల్లు కుర్రవాడు కజంజియన్

మన వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి ప్రతి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. రాయాలి కూడా. ఈసారి మేము వేరొకరిని ఎంచుకున్నాము. ముఖం, దవడ ఎముకల వైద్యం చదివేవారికి ఆయన పేరు బాగా తెలుసు. మన హాస్టళ్ళలో మాత్రం అంతగా వినిపించదు. ఆయనే వరాజ్‌తాద్ కజంజియన్.

ఆయన 1879లో ఒట్టోమన్ సామ్రాజ్యంలోని ఎర్జింజాన్‌లో ఒక అర్మేనియన్ కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు తుర్కీ దేశంలో ఉంది. 1894 నుంచి 1896 వరకు ఆ సామ్రాజ్యంలో అర్మేనియన్లను ఊచకోత కోశారు. ఆ రోజుల్లోనే, 1895లో, పదహారేళ్ళ వయసులో ఆయన అమెరికా చేరుకున్నారు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో తీగలు తయారుచేసే మిల్లులో పనికి కుదిరారు. పగలు మిల్లు పని, రాత్రి చదువు. అలా కొన్నేళ్ళు గడిచాక 1902లో హార్వర్డ్ దంతవైద్య కళాశాలలో చేరి, 1905లో పట్టా పుచ్చుకున్నారు. తరువాత అక్కడే పాఠాలు చెబుతూ, కట్టుడు పళ్ళ విభాగంలో పనిచేశారు.

విరిగిన దవడలు అప్పటి నుంచే ఆయన దగ్గరికి వచ్చేవి. దవడ విరిగితే పళ్ళ డాక్టరుకేం పని అని మనకు అనిపించవచ్చు. కాలు విరిగితే బయటి నుంచి పిండికట్టు వేస్తారు. దవడకు అలా కుదరదు. అది మాట్లాడినా, మింగినా కదులుతుంది. అయితే దానికి పళ్ళున్నాయి. విరిగిన రెండు ముక్కలూ సరిగ్గా కలిశాయో లేదో పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానిమీద ఒకటి కూర్చునే తీరే చెబుతుంది. పళ్ళ చుట్టూ సన్నటి తీగలు చుట్టి, కింది వరుసను పై వరుసకు బిగించి కొన్ని వారాలు ఉంచితే ఎముక తన చోట అతుక్కుంటుంది. పళ్ళను తీగతో కట్టే ఉపాయం హిప్పోక్రటీస్ కాలం నాటిదే. అమెరికాలో గిల్మర్ అనే ఆయన 1887లో దాన్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. మిల్లులో ఏళ్ళపాటు తీగతో మెలిగిన చేతులు ఈ పనిలో ఊరికే పోలేదని మేము అనుకుంటున్నాము.

1915లో హార్వర్డ్ నుంచి ఒక వైద్యబృందం బ్రిటిష్ సైన్యానికి సాయంగా ఫ్రాన్స్ వెళ్ళింది. కజంజియన్ అందులో దంతవైద్యుడిగా వెళ్ళారు. అనుకున్నది మూడు నెలలు. ఉండిపోయింది 1919 దాకా. ఆయన పుట్టిన ఎర్జింజాన్‌లో అర్మేనియన్లను తుడిచిపెట్టిందీ అదే 1915లోనే. ఆ ఏడాది ఆయన కామియే అనే ఊళ్ళోని సైనిక ఆసుపత్రిలో ముక్కూ మొహం తెలియని సిపాయిల దవడలు అతుకుతూ ఉన్నారు.

కందకాల యుద్ధం అది. ఒళ్ళంతా మట్టి చాటున ఉన్నా తల పైకి లేవక తప్పదు. బ్రిటిష్ సిపాయిలకు ఆ ఏడాది చివరి నుంచి ఇనుప టోపీలు అందసాగాయి. అవి నెత్తిని కాపాడాయి కానీ ముఖాన్ని కాపాడలేదు. కింది దవడ సగం ఎగిరిపోయినవారు, గడ్డం ముక్కలైనవారు వందలుగా వచ్చేవారు. వెల్లకిలా పడుకోబెడితే వారిలో కొందరు దారిలోనే ఊపిరాడక చనిపోయేవారు. గడ్డం ఎముక విరిగితే నాలుకకు ముందు ఆధారం పోతుంది, అది వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. ముందుకు వంచి కూర్చోబెడితే నెత్తురు బయటికి కారిపోతుంది, ఊపిరి ఆడుతుంది.

అంతకుముందు చాలాచోట్ల పైకి కనిపించే గాయాన్ని ముందు కుట్టేసేవారు. లోపల ఎముక ఆధారం లేక ముఖం కుంచించుకుపోయి వంకర తిరిగేది. కజంజియన్ ముందు ఎముక ముక్కల్ని వాటి స్థానంలో నిలబెట్టేవారు. మిగిలిన పళ్ళకు తొడుగులు, తీగలు వేసి, ఎముక పోయిన ఖాళీలో అచ్చు తీసి చేసిన ఆధారం పెట్టి, ఆ తరువాతే కండకు, చర్మానికి ఆకారం తెచ్చేవారు. బతికే అవకాశం ఉన్న ఎముక ముక్కను పారేసేవారు కాదు. అలా మూడు వేల మందికి పైగా చూశారని చెబుతారు. 1919లో బ్రిటిష్ రాజు ఆయనకు బిరుదు ఇచ్చి గౌరవించారు.

ఆయన కథలో మాకు అన్నిటికంటే నచ్చింది ఆ తరువాతి సంగతి. బిరుదుతో, పేరుతో తిరిగి వచ్చారు. చేతిలో ఉన్నది మాత్రం దంతవైద్య పట్టా. ముఖానికి పూర్తి శస్త్రచికిత్సలు చేయాలంటే వైద్య పట్టా కూడా ఉండాలనుకున్నారు. నలభై ఏళ్ళ మనిషి, వేలమందికి ముఖాలు నిలబెట్టిన మనిషి, పుస్తకాలు పట్టుకుని హార్వర్డ్ వైద్య కళాశాలలో తనకన్నా ఎంతో చిన్నవాళ్ళ పక్కన కూర్చున్నారు. 1921లో పట్టా తీసుకున్నారు. వయసు దాటిపోయిందని డిగ్రీ మధ్యలో వదిలేసిన మన సీనియర్లు ఒకరిద్దరు ఇది చదువుతారనే ఆశతోనే ఈ పేరా కొంచెం పెద్దది చేశాము. 1931లో నోటి క్యాన్సరుతో బాధపడుతున్న ఫ్రాయిడ్‌కు వియన్నాలో కొత్త కట్టుడు దవడ చేసి ఇచ్చారు. అది ఆయనకు అంతగా సుఖం ఇవ్వలేదు. 1941లో హార్వర్డ్‌లో ప్లాస్టిక్ సర్జరీకి మొదటి ప్రొఫెసరయ్యారు. 1949లో జాన్ కన్వర్స్‌తో కలిసి ముఖ గాయాల చికిత్సపై పెద్ద గ్రంథం ప్రచురించారు.

ఇప్పుడు మన సంగతి. కబడ్డీలో మోచెయ్యి తగిలో, బండి మీద నుంచి గడ్డం ఆనేట్టు పడో దవడ దెబ్బ తింటుంది. వాపు తగ్గితే అదే పోతుందని జండూబామ్ రాసి ఊరుకోవద్దు. పళ్ళు ఎప్పటిలా కలవకపోయినా, నోరు తెరిస్తే ఒక పక్కకు లాగినా, కింది పెదవి తిమ్మిరెక్కినా, నాలుక కింద నెత్తురు కమిలినట్టు కనిపించినా ఎముక విరిగిందనే అనుమానించాలి. దెబ్బ గడ్డానికి తగిలినా ఎముక చెవి దగ్గర విరగవచ్చు. అందుకే ఎక్స్‌రే రెండు వైపులా చూస్తారు. మెడ కదల్చకుండా, స్పృహ ఉంటే ముందుకు వంగి కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేయాలి. గడ్డాన్ని వెనక్కి లాగి గుడ్డ కట్టకూడదు. నోట్లోంచి ఊడిన పన్నును వేరు ముట్టుకోకుండా తీసి, పాలలో వేసి తీసుకెళ్ళాలి. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి.

ఇక హెల్మెట్. సగం హెల్మెట్ ఆ ఇనుప టోపీ లాంటిదే, నెత్తిని కాపాడి గడ్డాన్ని గాలికి వదిలేస్తుంది. గడ్డం దాకా కప్పేదే కొనండి, పట్టీ బిగించండి.

కజంజియన్ 1974లో, 95వ ఏట మరణించారు. ఆ దశకంలోనే దవడకు సన్నటి లోహపు ప్లేట్లు, స్క్రూలు బిగించే పద్ధతి పుంజుకుంది. దానితో చాలామందికి వారాల తరబడి నోరు కట్టే అవసరం తప్పింది. అయినా తీగ పోలేదు. పళ్ళు కట్టిన రోగి జావ, మజ్జిగ, పప్పుకట్టు తాగి గడపాలి. వాంతి వస్తే వెంటనే తీగలు తెంచడానికి ఆ మంచం పక్కన ఒక కటింగ్ ప్లయరు ఎప్పుడూ అందుబాటులో ఉంచుతారు.