పత్తి వెంకయ్య నుంచి పతాక రూపశిల్పి వరకు

మాదాపూర్: ఆగస్టు 15 వచ్చిందంటే మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ దారుల్లో అద్దాల భవనాల ముందు మువ్వన్నెల జెండాలు రెపరెపలాడతాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి కోస్తా జిల్లాల వారెందరో ఈ ఐటీ నడవాకు వచ్చి స్థిరపడ్డారు. పండుగలకు విజయవాడ వైపు సాగే వారి వాహనాలు 65వ జాతీయ రహదారిపై సూర్యాపేట దాటాక, కోదాడకు ముందు మునగాల మీదుగా వెళతాయి. వందేళ్లకు పూర్వం ఆ మునగాల పరగణాలో ఒక యువకుడు పత్తి సాగుపై పరిశోధనలు చేశాడు. ఆయనే పింగళి వెంకయ్య. జాతీయ పతాక రూపశిల్పిగా ఆయన పేరు తెలియని తెలుగువారు అరుదు. అంతకు ముందే ప్రజలు ఆయనను పత్తి వెంకయ్య అని పిలుచుకున్నారన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు.

సైన్యం నుంచి సేద్యానికి

వెంకయ్య స్వగ్రామం కృష్ణా జిల్లాలోని భట్లపెనుమర్రు. ఏటా ఆగస్టు 2న ఆయన జయంతి జరుపుకుంటున్నాం. జన్మ సంవత్సరంగా 1876 ప్రచారంలో ఉంది. మచిలీపట్నంలో చదువుకున్న ఆయన యవ్వనంలోనే సైన్యంలో చేరి, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికాకు వెళ్లారు. అక్కడే గాంధీజీతో పరిచయం కలిగింది. ఆ అనుబంధం దశాబ్దాల పాటు కొనసాగింది. స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత లాహోర్‌లో భాషలు అభ్యసించారు. జపనీస్ భాషలో ధారాళంగా ప్రసంగించగలిగినందున జపాన్ వెంకయ్య అనే పేరు వచ్చింది. రత్నాలు, ఖనిజాలపై చేసిన కృషి వజ్రాల వెంకయ్య అనే మరో పేరును తెచ్చిపెట్టింది.

ఆ రోజుల్లో మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, పాలనాపరంగా అది మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందినది. నేడు సూర్యాపేట జిల్లాలో ఉంది. అప్పటి జమీందారు నాయని వెంకట రంగారావు విద్యాభిమాని. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలియడంలో ఆయనకూ, ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావుకూ ప్రధాన పాత్ర ఉంది. ఈ సంస్థానం ఆదరణలోనే వెంకయ్య కొన్నేళ్లు వ్యవసాయ పరిశోధనలు సాగించారు. వాటిలో ముఖ్యమైనది కంబోడియా పత్తి.

పోగు పొడవే ప్రాణం

పత్తికి విలువ తెచ్చేది దాని పోగు పొడవు. మన మెట్ట భూముల్లో పండే నాటు రకాల పోగు చాలావరకు పొట్టిది. చేతిరాట్నానికి అది చక్కగా లొంగుతుంది గాని మర యంత్రాలకు అంతగా నప్పదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో మద్రాసు రాష్ట్రానికి వచ్చిన కంబోడియా పత్తి పోగు నాటు రకాలకన్నా పొడవైనది. మన నేలలో ఆ పత్తిని పండించి చూసిన తొలి తెలుగువారిలో వెంకయ్య ఒకరు. రైతు పొలంలో మొదలై నూలుగా మారేవరకు పత్తి పడే ప్రయాణం ఆయనకు కొట్టినపిండి.

ఆ ప్రయాణం చిన్నది కాదు. కాయ పగిలిన పత్తిని ఏరి ఎండబెట్టాలి. గింజను వేరు చేయాలి. నారితో బిగించిన విల్లును మీటుతూ దూదిని ఏకాలి. ఏకిన దూదిని ఏకులుగా చుట్టాలి. ఏకును ఒక చేత పట్టుకొని, మరొక చేత రాట్నం తిప్పుతూ కదురుపై నూలు వడకాలి. ఆ తరువాతే మగ్గం పని.

పేరు లేని చేతులు

ఈ పనులు చేసేవారి పాత చిత్రాలు, ఛాయాచిత్రాలు అనేకం మిగిలి ఉన్నాయి. విల్లు పట్టిన దూదేకుల మనిషి, రాట్నం ముందు కూర్చున్న స్త్రీ వాటిలో కనిపిస్తారు. అడుగున రాసిన వివరాల్లో వృత్తి పేరు, ఊరి పేరు ఉంటాయేగాని మనిషి పేరు సాధారణంగా ఉండదు. రాట్నంతో కూడిన చిత్రాల్లో ప్రపంచ ప్రసిద్ధి పొందినది 1946లో మార్గరెట్ బూర్క్-వైట్ తీసిన ఛాయాచిత్రం. అందులో ఉన్నది గాంధీజీ. తరతరాలుగా నూలు వడికి పొట్టపోసుకున్న స్త్రీలకు అంతటి ప్రసిద్ధి దక్కలేదు. అయితే వారి చేతి పనిముట్టుకు మాత్రం అంతకంటే చాలా ముందే ఒక జెండాపై చోటు లభించింది. ఆ గీత గీసినవారు వెంకయ్య.

బెజవాడలో పుట్టిన జెండా

మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసే కాలంలో, 1916లో, భారతదేశానికి జాతీయ పతాకం ఎలా ఉండవచ్చో పలు నమూనాలతో ఆయన ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశాలు బెజవాడలో జరిగాయి. జెండాపై రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. ఎరుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నం గీసి ఇమ్మని గాంధీజీ వెంకయ్యను కోరగా, ఆయన మూడు గంటల్లో నమూనా అందించారు. మిగిలిన మతాల వారికీ చోటు ఉండాలని తెలుపు చేర్చాలన్నది గాంధీజీ సూచన. ఆ ఏడాది ఏప్రిల్ 13న తన యంగ్ ఇండియా పత్రికలో ఈ వివరాలను ఆయనే వెల్లడించారు.

జెండా వస్త్రం ఖాదీయే కావాలన్నది అప్పటి నియమం. అంటే పతాకంపై బొమ్మ రాట్నం, పతాకానికి గుడ్డ రాట్నం వడికినది. మాంచెస్టర్ మిల్లు బట్టతో మూతపడిన లక్షల రాట్నాలకు అది ఒక గుర్తింపు. 1931లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగులు, నడుమ రాట్నంతో కాంగ్రెస్ ఆ జెండాను సవరించుకుంది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోక చక్రాన్ని స్వీకరించింది. నేటి రూపం వెనుక మరికొందరి కృషి కూడా ఉన్నది. కానీ ఆ వరుసకు బెజవాడ నమూనాయే ఆది.

1947 ఆగస్టు 15న దేశమంతటా ఈ జెండా ఎగిరినా నిజాం రాజ్యంలో దానిని ఎగరేసినవారు అరెస్టయ్యారు. నేటి సైబరాబాద్ నేల కూడా అప్పుడు ఆ రాజ్యంలోనిదే. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసిన తరువాతే ఇక్కడ జెండాకు స్వేచ్ఛ లభించింది.

పేదరికంలో కన్నుమూత

దేశానికి పతాకం నమూనా ఇచ్చిన వ్యక్తి పదవులు ఆశించలేదు. చివరి దశలో విజయవాడలో పేదరికంలో గడిపి 1963 జులై 4న కన్నుమూశారు. ప్రభుత్వ గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 2009లో ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదలైంది.

చక్రం వచ్చి రాట్నం వెళ్లిన తరువాత కూడా చేతి వడుకు నూలు జెండాలో మిగిలింది. 2002లో అమల్లోకి వచ్చిన పతాక నియమావళి సైతం చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డనే పేర్కొంది. 2021 డిసెంబరు 30న చేసిన సవరణ యంత్రాలపై తయారైన జెండాలకూ, పాలిస్టర్‌కూ అనుమతి ఇచ్చింది. దీనివల్ల జెండా తక్కువ ధరకు ఇంటింటికీ చేరింది. అదే సమయంలో రాట్నంపై ఆధారపడిన కుటుంబాలకు ఉన్న ఒక ఖాయమైన గిరాకీకి గండి పడింది.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, సన్నని నూలు వడుకుతున్నారు. జెండాపై మొదట గీసిన రాట్నం వారిదే. ఖాదీ జెండా కొనాలన్న నిర్బంధం చట్టంలో నేడు లేదు గాని, కొనే స్వేచ్ఛ ప్రతి పౌరునికీ ఉంది. కార్యాలయానికో, అపార్టుమెంటుకో జెండా తెచ్చే బాధ్యత ఉన్నవారు ఖాదీ జెండాను అడిగి తీసుకుంటే ఆ చేతులకు పని దొరుకుతుంది. పత్తి వెంకయ్యకు అర్పించదగిన నివాళి అంతకు మించి మరొకటి ఉండదు.